ఆ గోడకు ఎందుకియ్యలే బిడ్డా?

నల్లగొండ జిల్లాలో పనిచేస్తున్న ఒక తహసీల్దారు నాకు ఐదు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, మండలం, చెరువు పేరు బయటపెట్టొద్దన్నారు. ఆమె రాసిన సంగతి ముందు నా మాటల్లో చెబుతాను.

ఆమెకు 38 ఏళ్లు. సొంతూరు పాలమూరు వైపు. గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దారుగా ఎంపికై, ప్రమోషన్ మీద ఈ మండలానికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఒక ఆఫీసుకు తానే పెద్దగా ఉండటం ఇదే మొదలు. భర్త టీచరు, పిల్లలతో మహబూబ్‌నగర్‌లో ఉంటారు. ఈమె శనివారం రాత్రి వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగొస్తారు.

మండలంలోని ఒక చెరువు శిఖం, అంటే చెరువులో నీళ్లు నిలిచే నేల, ఆక్రమణ అవుతోందని ఊరివాళ్లు సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు అర్జీ ఇచ్చారు. అది ఆర్డీఓ మీదుగా ఈమెకు వచ్చింది. గిర్దావర్‌ను (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ను) పంపి పంచనామా చేయించారు. చెరువు తూర్పు వైపు ఏడు కుటుంబాలు శిఖంలో కూరగాయలు, పశువుల గడ్డి పెంచుకుంటున్నాయని, రెండు కొట్టాలు కూడా ఉన్నాయని, మిగతా చోట ఆక్రమణ ఏదీ లేదని ఆయన రాశారు. దాన్ని పట్టుకుని ఈమె ఏడుగురికీ నోటీసులిచ్చారు.

వారం తర్వాత స్టాఫ్ మీటింగులో, కొత్తగా వచ్చిన గ్రామ పాలనాధికారి లేచి ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. చెరువు పడమటి వైపు ఒక ఫంక్షన్ హాలు ప్రహరీ గోడ. దాని పునాది పక్కనే కిందటేడు నీళ్లు నిలిచిన చార. "సార్ రాసిన పంచనామా తప్పు మేడమ్" అన్నాడు, అందరి ముందూ. గిర్దావర్ ఒక్క మాట అనకుండా లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆఫీసు రెండు ముక్కలైంది. టీ కూడా ఎవరికి వాళ్లే తాగుతున్నారట. సర్వేయర్ సెలవు పెట్టాడు. డిప్యూటీ తహసీల్దారు నాకెందుకొచ్చిన గొడవ అన్నట్టు ఉన్నారు.

గిర్దావర్ ఆమెకు పరాయివారు కాదు. పన్నెండేళ్ల కిందట వేరే మండలంలో కొత్తగా చేరినప్పుడు పహాణీ (ఏటా రాసే సాగు లెక్క) ఎలా చదవాలో, టీపన్ (సర్వే కొలతల కాగితం) ఎలా చూడాలో దగ్గర కూర్చోబెట్టి నేర్పినవారు. ఆమె నిండు గర్భంతో డ్యూటీ చేసిన రోజుల్లో ఆయన ఇంటి నుంచి రోజూ టిఫిన్ డబ్బా వచ్చేది. ఇప్పటికీ ఆయన్ని సార్ అనే పిలుస్తారు. ఆయనకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లు కూడా లేదు.

ఫంక్షన్ హాలు యజమాని మండలంలో పలుకుబడి ఉన్నవారికి దగ్గరి చుట్టం. "ఆ ఏడుగురిని ఖాళీ చేయించి రిపోర్టు పంపేయండి మేడమ్, అయిపోతది" అని ఒక ఫోన్ వచ్చింది. ఎవరు చేశారో ఆమె రాయలేదు.

నోటీసు అందుకున్నవాళ్లలో ఒక ముసలమ్మ ఆఫీసుకు వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. కాగితం టేబుల్ మీద పెట్టి, "మాకు కాగితమిచ్చినవ్, ఆ గోడకు ఎందుకియ్యలే బిడ్డా?" అని అడిగి, జవాబు కోసం కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదంటున్నారు. సార్‌కు మెమో ఇవ్వాలా, ఆ కుర్రాణ్ణి మందలించాలా, లేక భర్త చెబుతున్నట్టు బదిలీ పెట్టుకుని ఇంటి దగ్గరికి వెళ్లిపోవాలా అని అడిగారు. ఆర్డీఓ ఇచ్చిన గడువులో పదకొండు రోజులు మిగిలాయి.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఐదు పేజీల్లో నాలుగు పేజీలు గిర్దావర్ గారి గురించే ఉంది. చెరువు గురించి అరపేజీ. అది ఎన్ని ఎకరాల శిఖమో, గోడ ఉన్నది ఏ సర్వే నంబరులోనో, రికార్డులో ఆ నంబరు ఎదురుగా ఏమని ఉందో ఎక్కడా లేదు. మనుషులతో మనసు నలిగినప్పుడు నేల మరుగున పడిపోవడం సహజమే. ముప్పై మూడేళ్లు ఈ శాఖలో చేసి దిగినవాణ్ణి, నాకూ జరిగింది. కానీ మీ ఆఫీసులో మనుషుల మధ్య పడ్డ ముడి ఆ నేల మీదే ఉంది. ముందు అక్కడికి వెళ్దాం.

శిఖం అనగానే సర్కారు భూమి అనుకుంటాం. మన తెలంగాణ చెరువుల్లో శిఖం పట్టాలు కూడా ఉంటాయని మీకు తెలుసు, బహుశా సారే మీకు చెప్పి ఉంటారు. పట్టాదారు నీళ్లు తీసినాక అందులో సాగు చేసుకోవచ్చు, కట్టడం కట్టకూడదు. గోడ ఉన్నది అలాంటి పట్టా నంబరైతే, "మిగతా చోట ఆక్రమణ ఏదీ లేదు" అని సార్ రాసిన వాక్యం అక్షరాలా నిజమే అవుతుంది. ఆ గోడ చెరువు నీళ్లు నిలిచే చోట ఉందన్న కుర్రాడి మాట కూడా నిజమే అవుతుంది. అడిగినదానికి మాత్రమే, అడిగినంత మేరకే జవాబు రాయడం మన శాఖలో పాత విద్య. ఆయన ఆ విద్య చూపించారా, నడుము నొప్పికి పడమటి వైపు దిగకుండా వెనుదిరిగారా, లేక మీకొచ్చిన ఫోన్ లాంటిదే ఆయనకు ముందు వచ్చిందా? మీకు తెలియదు. నాకూ తెలియదు. కుర్రాడికీ తెలియదు. తెలియకుండానే ఆఫీసులో సగం మంది ఆయన్ని దొంగను చేశారు, సగం మంది కుర్రాణ్ణి ద్రోహిని చేశారు.

కాబట్టి కాగితాలు. సేత్వార్‌లో (తొలి సర్వే నాటి మూల రికార్డులో) ఆ నంబరు ఏమని ఉంది, 1954-55 ఖాస్రా పహాణీలో ఏమని ఉంది, తర్వాతి పహాణీల్లో ఎక్కడైనా రాత మారిందా, గ్రామ నక్షాలో చెరువు గీత ఎక్కడ పోతోంది, ఇవి మీ రికార్డు గదిలోనో జిల్లా సర్వే ఆఫీసులోనో దొరుకుతాయి. 2020 అక్టోబరులో ధరణి వచ్చాక కంప్యూటర్‌లో కనిపించేదే రికార్డు అనుకునే అలవాటు పడింది. కంప్యూటర్ రికార్డు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఆ నంబరు ఉందో లేదో కూడా చూడండి. ఉండాల్సిన నంబరు జాబితాలో లేకపోతే అది ఇంకో కథ, దాన్ని కలెక్టరుకు విడిగా రాయండి. ఈ ఫైలులో కలపొద్దు.

చెరువు నిండు మట్టం ఎక్కడిదాకా అన్నది మీరొక్కరే తేల్చేది కాదు, ఇరిగేషన్ వాళ్లు రావాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మీ చెరువు పూడిక తీసి ఉంటే ఆ అంచనాల ఫైలు వాళ్ల దగ్గర ఉంటుంది. అలుగు మట్టం, తూము మట్టం, కట్ట ఎత్తు దొరుకుతాయి. వెళ్లినప్పుడు అలుగును చేత్తో తడిమి చూడండి. లోపల గోడ కట్టుకున్నవాడు చాలాసార్లు ముందు చేసే పని అలుగు నాలుగు రాళ్లు పీకించడం. మట్టం రెండడుగులు దిగితే పడమటి వైపు ఎకరాలకు ఎకరాలు బయటపడతాయి. ఆ తర్వాత ఎవరు వచ్చి కొలిచినా, గోడ "చెరువు బయటే" ఉంటుంది. కుర్రాడు ఫొటో తీసిన నీటి చార అందుకే విలువైంది. అది కిందటేడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెబుతుంది, అలుగు సరిగా ఉంటే ఇంకా ఎక్కడిదాకా రావాలో చెప్పదు.

ఇదంతా పదకొండు రోజుల్లో అవుతుందా? కాదు. ఆర్డీఓకు రెండు లైన్ల మధ్యంతర నివేదిక పంపి, ఉమ్మడి సర్వేకు తేదీ పెట్టి, మరో నెల గడువు అడగండి. అడిగితే ఇవ్వరేమో అన్న భయంతో సగం నిజం పంపేవాళ్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు ఆ ఏడుగురు. ఇక్కడ మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. 1905 భూ ఆక్రమణల చట్టం సెక్షన్ 7 నోటీసుల మీద సంతకం మీది, గిర్దావర్‌ది కాదు. సంతకం పెట్టే ముందు మీరు ఆ చెరువు కట్ట ఎక్కారా? ఉత్తరంలో ఆ మాట లేదు. ముసలమ్మ ప్రశ్న మిమ్మల్ని అంతగా పట్టుకోవడానికి కారణం అదేననుకుంటాను. ఆమె అడిగింది సార్‌ను కాదు.

నా సంగతి ఒకటి చెబుతాను. 1990ల మొదట్లో పాలమూరు జిల్లాలో ఒక ఊరి బంచరాయి (ఊరుమ్మడి మేత భూమి) మీద మేం ఇలాగే వెళ్లాం. నలభై ఎకరాల చిల్లర. పద్నాలుగు మంది పేదవాళ్లు అందులో ఆముదాలు, జొన్నలు వేసుకున్నారు. ఒక పెద్దాయన మామిడి తోట పెట్టి, కరెంటు మోటరు బిగించాడు. పద్నాలుగు మందినీ ఒక్క రోజులో ఖాళీ చేయించాం. పెద్దాయన దగ్గర ఏదో కోర్టు కాగితం ఉందన్నారు, అది ఏమిటో నేను తెరిచి చూడలేదు. "ముందు అయ్యేది కానీయండి, ఆయన సంగతి తర్వాత" అని నేనే అన్నాను. తర్వాత అనేది రాలేదు. ఆ పేదల పొలాలు ఖాళీ అయ్యేసరికి పెద్దాయన కంచె వాటిని కూడా చుట్టుకుంది. అంతకుముందు ఆ పద్నాలుగు మందే ఆయన్ని ఆపుతూ ఉన్నారని మాకు తోచలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ దారిన వెళ్తే ప్లాట్ల రాళ్లు కనిపించాయి. ఊళ్లో గొర్లు మేపేవాళ్లు మంద తోలుకుని ఆరు మైళ్లు పోతున్నారు.

అందుకని ఆ నోటీసుల విషయంలో మీ ముందున్న దారులు చూడండి. ఒకటి, ఫోన్‌లో చెప్పినట్టు ఏడుగురినీ ఖాళీ చేయించి రిపోర్టు పంపడం. అర్జీ పరిష్కారమైనట్టు కంప్యూటర్‌లో పడుతుంది. మళ్లీ సోమవారం అదే ఊరివాళ్లు ఈసారి మీ పేరు మీద అర్జీ తెస్తారు. రెండు, నోటీసులు వెనక్కి తీసుకోవడం. మనసుకు తేలిక. కానీ వాళ్లు శిఖంలో ఉన్న మాట అబద్ధం కాదు, రేపు గోడ యజమాని వకీలు మొదట పట్టుకునేది దాన్నే: "మిగతావాళ్లను వదిలి నా క్లయింటు మీదే పడ్డారు." మూడోది నాకు మెరుగ్గా తోస్తుంది. నోటీసులు అలాగే ఉంచి, వాళ్ల జవాబులు తీసుకుని, ఉత్తర్వు ఇవ్వకుండా ఆపండి. చెరువు చుట్టూ ఒకే సర్వే, ఒకే పంచనామా. గోడతో సహా ఎవరు లోపల తేలితే వాళ్లందరికీ నోటీసు ఒకే రోజు వెళ్లాలి. ఈ దారిలో కష్టం కూడా ఉంది. ఏడు కుటుంబాలు నెలల తరబడి భయంలో ఉంటాయి, మీరు గోడ మీదికి రావడం ఖాయమని అవతలివాళ్లకు ముందే తెలిసిపోతుంది.

ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి. పట్టా ఇప్పిస్తానని మాత్రం నోటి నుంచి రానీయొద్దు. చెరువు శిఖం పేదలకు అసైన్ చేసే (పట్టా ఇచ్చి పంచే) భూమి కాదు, మీ చేతిలో లేనిది. ఎన్నేళ్ల నుంచి, నీళ్లు తీసినాకే వేస్తున్నారా, ఎప్పుడైనా ఏక్‌సాల్ (ఒక్క ఏడాదికిచ్చే) కౌలు కట్టారా, రశీదులున్నాయా అని అడిగి రాసుకోండి. నీళ్లొచ్చినప్పుడు తప్పుకుని, దిగినప్పుడు నాలుగు మళ్లు వేసుకునే మనిషి, కాంక్రీటు పోసిన మనిషి ఒకటి కాదని ఫైలులో కనిపించాలి. అది మీ దయ మీద వదిలేసే విషయం కాదు, పంచనామాలో రాయాల్సిన విషయం.

గోడ యజమాని ఏం చేస్తాడో కూడా అనుకుని ఉండండి. కోటి రూపాయలు పెట్టాను అంటాడు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూములు, చెరువుల గురించి దీనికి నేరుగా జవాబిచ్చింది. చాలాకాలంగా ఉన్నామని, చాలా ఖర్చు పెట్టామని చెప్పినంత మాత్రాన క్రమబద్ధీకరించడానికి వీల్లేదంది. భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఇచ్చిన కౌళ్ల వంటి అరుదైన సందర్భాలకే మినహాయింపు అంది. ఆ తీర్పు ప్రింటు తీసి ఫైలులో పెట్టుకోండి.

అతను పాత లావుణి పట్టా (సర్కారు భూమిని సాగుకు ఇచ్చిన పట్టా) అంటూ నకలు తెచ్చాడనుకోండి, తారీఖు చూడండి. 1958 జులై 25 నాటి జీవో 1406 తర్వాత ఇచ్చిందైతే అమ్మకూడదన్న షరతు ఉంటుంది, 1977 అసైన్డ్ భూముల చట్టం వర్తిస్తుంది, కొన్నవాడికి హక్కు రాదు. అంతకు ముందుదైతే వేరు లెక్క. నిజమైన పట్టా వివాదమే తేలితే 1905 చట్టం సెక్షన్ 6 కింద మీరు నేరుగా ఖాళీ చేయించలేరు. హక్కు మీద నిజాయితీగల వివాదం ఉన్నప్పుడు ఈ చట్టంతో గబగబా తీసేయడం చెల్లదని, సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందేనని 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు మీ దారి మారుతుంది: పట్టా భూమే కావచ్చు, నిండు మట్టంలో కట్టడం మాత్రం కుదరదన్న వైపు నుంచి ఇరిగేషన్, పంచాయతీ వాళ్లతో కలిసి వెళ్లాలి. ఆలస్యమైన దారే. ఉత్సాహంతో శనివారం జేసీబీ పంపి, సోమవారం హైకోర్టులో స్టే తినడం కంటే ఇది నయం.

ఇక సార్. మెమో ఇస్తే ఏమవుతుందో చూద్దాం. సంజాయిషీ అడుగుతూ మెమో ఇవ్వడం మీ చేతిలో ఉంది, ఆయన మీద క్రమశిక్షణ చర్య కలెక్టరు చేతిలో ఉంటుంది. మీరు రాసింది పైకి వెళ్తే ఛార్జిమెమో కావచ్చు. రిటైర్మెంటు దాకా అది తేలకపోతే ఆయన గ్రాట్యుటీ ఆగుతుంది, పింఛను తాత్కాలికంగా ఇస్తారు. ఆయన కావాలని కళ్లు మూసుకున్నారని సర్వేలో తేలితే అది ఆయన తెచ్చుకున్నదే, టిఫిన్ డబ్బాకు బదులుగా చెరువును ఇవ్వడం కుదరదు. కానీ తేలకముందే ఇస్తే, శిఖం పట్టా అని బయటపడిన రోజున మీరు ఆ డబ్బాను జీవితాంతం తలుచుకుంటారు.

ఏమీ అనకుండా, ఆయన్ని పక్కనపెట్టి, సర్వేయర్‌తో కుర్రాడితో పని నడిపించడం ఇంకో పద్ధతి. తొందరగా అవుతుంది. అయితే మండలంలో ఏ రాయి ఎక్కడుందో తెలిసిన మనిషి మీకు రెండేళ్లు దూరమవుతారు, పంచనామా మీద ఆయన సంతకం లేదన్నది కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది.

నేనైతే సాయంత్రం ఆరు తర్వాత, అందరూ వెళ్లాక, ఆయన్ని పిలిచి కూర్చోబెడతాను. సార్ అనే పిలవండి, అందులో తప్పేం లేదు. మన దగ్గర కలెక్టర్లు కూడా పాత గిర్దావర్లను సార్ అని పిలిచిన రోజులున్నాయి. "సార్, పడమటి వైపు దిగారా?" అని అడగండి. అదొక్కటే ప్రశ్న. ఎందుకు దిగలేదని అడగొద్దు. ఆయన చెప్పేది వినండి. తర్వాత ఉమ్మడి సర్వేకు రమ్మని, కొలిచాక అదనపు నివేదిక రాయమని చెప్పండి. రానంటే రాతపూర్వకంగా ఆదేశమివ్వండి. అప్పుడు కూడా రాకపోతే మెమోకు మీకు కారణం దొరుకుతుంది, అది పంచనామా గురించి కాదు, ఆదేశం గురించి.

ఆ గదిలో ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్త. ఆయన తప్పు ఒప్పుకుని, "పాతది తీసేసి కొత్త పంచనామా పెట్టుకుందామమ్మా" అంటారు. ప్రేమగానే అంటారు. మీకూ అది అందరికీ మంచిదనిపిస్తుంది. ఒప్పుకోవద్దు. మొదటి పంచనామా ఫైలులోనే ఉండాలి, రెండోది దాని కింద పడాలి, ఎందుకు మారిందో రెండు లైన్లు ఉండాలి. ఒక కాగితం మాయం చేసిన రోజు నుంచి ఆ ఫైలు మీద మీ పెద్దరికం పోతుంది, ఆ సంగతి ఆయనకు తెలుసు, కుర్రాడికీ తెలుస్తుంది.

కుర్రాడి గురించి మీరు రాసినదాంట్లో నాకు ఒక వాక్యం ఆగింది: వాళ్ల నాన్న ఆ పక్క ఊళ్లో నీరడి అని. చెరువు నీళ్లు ఏ మడికి ఎప్పుడు వదలాలో చూసే మనిషి కొడుకు. నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో చిన్నప్పటి నుంచి చూసినవాడు. 2020 సెప్టెంబరులో వీఆర్వోలను తీసేశాక, 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు వచ్చేదాకా ఐదేళ్లు ఊళ్లలో భూమికి కాపలా మనిషి సరిగా లేడు. మీ గోడ ఆ ఐదేళ్లలో లేచిందో లేదో చూడండి, నాకు అనుమానం. వీఆర్ఏగా ఉండి, కిందామీదా పడి ఈ పోస్టులోకి వచ్చిన పిల్లవాడు నిజం మాట్లాడాడు. మాట్లాడిన చోటు తప్పు.

అయితే ఒకటి ఆలోచించండి. అతను మీటింగులో ఫోన్ ఎత్తి చూపించాల్సి వచ్చిందంటే, అంతకుముందు మీ గదిలోకి వచ్చి చెప్పే వీలు అతనికి కనిపించలేదు. చెబితే మీరు సార్ వైపే ఉంటారనుకున్నాడేమో. ఆఫీసులో మీరు సార్ అని పిలిచేది ఒక్కరినే, అది అతను రోజూ వింటున్నాడు. మందలిస్తే ఇకమీదట అతను చూసింది చూడనట్టే ఉంటాడు. మెచ్చుకుని నెత్తిన పెట్టుకుంటే పంచనామా రాసే ప్రతివాడూ వెనక ఫోన్ ఉందేమోనని భయపడి ఏదీ రాయడు. ఆ ఫొటోలను సంతకం, తారీఖు వేసి మీకు రాతపూర్వకంగా ఇమ్మనండి. సర్వేకు హాజరు కమ్మని పేరు మీద ఆదేశమివ్వండి. వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క ఫొటో పోయినా మీరు కాపాడలేరని చెప్పండి, నిజంగానే కాపాడలేరు. మీటింగులో పెద్దాయన్ని అన్న తీరుకు ఆయన దగ్గరికి వెళ్లి ఒక మాట అనమని సూచించవచ్చు. పంచనామా గురించి కాదు, తీరు గురించి. వెళ్తాడో లేదో అతని ఇష్టం.

సర్వేయర్ సెలవు గురించి ఎక్కువ ఆలోచించొద్దు, ఆయన రాకపోతే జిల్లా సర్వే ఆఫీసు నుంచి ఇంకొకరిని అడగండి. డిప్యూటీ తహసీల్దారుకు నోటీసుల రిజిస్టరు, కోర్టు కేసుల పని అప్పగిస్తూ ఆఫీస్ ఆర్డరు ఇవ్వండి. తప్పించుకునేవాళ్లు పేరు మీద కాగితం పడితే కాస్త కదులుతారు.

ఆ ఫోన్ మళ్లీ వస్తుంది. "సర్వే పెట్టాం సార్, కొలతను బట్టి చేస్తాం" అనడం తప్ప ఇంకేమీ అనొద్దు. వాదించొద్దు, భయపడ్డట్టు వినిపించొద్దు. ఫోన్ చేసింది మీ పై అధికారి అయితే, ఆయన చెప్పినదాన్ని ప్రస్తావిస్తూ, ఏం చేయమంటారో తెలపమని ఆ సాయంత్రమే లేఖ పంపండి. జవాబు రాదు. లేఖ మాత్రం ఉంటుంది.

బదిలీ అడగడం పిరికితనమని నేను అనను. మీ ఆయన మాటలో భయం ఉంది, దానికి కారణమూ ఉంది. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ ఆఫీసులో ఒక మహిళా తహసీల్దారు తన గదిలోనే ప్రాణాలు కోల్పోయాక, మన శాఖలో ఏ ఇంట్లోనూ ఆ భయం పూర్తిగా పోలేదు. బెదిరింపు వస్తే దాచొద్దు, పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి, కలెక్టరుకు నకలు పెట్టండి. చెరువు దగ్గరికి ఒంటరిగా, చీకటి పడ్డాక వెళ్లొద్దు. పిల్లల కోసం, మీ నిద్ర కోసం వెళ్లిపోవాలనుకుంటే అది మీ హక్కు. కాకపోతే ఇప్పుడే వెళ్తే ఆ ఫైలు ఎలా ఆగుతుందో చూసుకోండి: ఏడు నోటీసులు, వాటి కింద మీ సంతకం, గోడ గురించి ఒక్క అక్షరం లేదు. తర్వాత వచ్చేవారు అక్కడి నుంచే మొదలుపెడతారు, చాలావరకు అక్కడే ముగిస్తారు. ఉమ్మడి సర్వే అయి, పంచనామా మీద అందరి సంతకాలు పడ్డాక బదిలీ పెట్టుకుంటే, వెళ్లేది అదే మీరు, మిగిలేది వేరే ఫైలు. మధ్యలో ఓ నెల, నెలన్నర. మీ ఆయనతో ఆ లెక్క మీద మాట్లాడి చూడండి.

సర్వేకు తేదీ మృగశిర కార్తెకు ముందే పెట్టండి. చెరువు అడుగు ఎండి ఉన్నప్పుడే పాత హద్దు రాళ్లు బయటపడతాయి, వానలు మొదలైతే మళ్లీ వచ్చే ఎండాకాలం దాకా ఆగాలి. ఊరివాళ్లకు ముందే టాంటాం వేయించండి, అర్జీ పెట్టినవాళ్లనూ, ఆ ఏడుగురినీ, గోడ యజమానినీ రమ్మనండి. ఇప్పుడు రోవర్‌తో (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే మెషీన్‌తో) కొలుస్తారు, తొందరగా అయిపోతుంది. అయినా గోడ దగ్గర మాత్రం గొలుసు కూడా వేయించండి. ఊరివాళ్లు మెషీన్‌ను నమ్మరు, గొలుసును నమ్ముతారు. ఒక కొస సార్‌ను పట్టుకోమనండి, రెండో కొస కుర్రాణ్ణి. లెక్క మీరే పైకి చదవండి.

ఆ తర్వాత నాకు రాయండి. చెరువు పేరు చెప్పక్కర్లేదు, గోడ పునాది నిండు మట్టానికి ఎన్ని గజాలు లోపల ఉందో చెబితే చాలు.